పొయ్యి మీది కంకులు

మక్క కంకి ఎండిందో లేదో నేను చెవితో చెప్పగలను. రెండు కంకులు తీసి ఒకదానికొకటి తాకిస్తే, పచ్చివైతే మెత్తగా దబ్బుమంటాయి, ఎండినవైతే కట్టెల్లా టక్కుమంటాయి. మల్లాపూర్‌లో మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఒలిచే మిషన్లు తయారుచేసే షెడ్డులో పదిహేనేళ్లు ఫిట్టర్‌గా పనిచేశాక అబ్బిన విద్య అది. ఆ విద్యను చూసుకుని నాకు కొంత పొగరు కూడా ఉండేది. ఆ పొగరుతోనే ఒకసారి, దేశం కాని దేశంలో, నన్ను కడుపులో పెట్టుకుని చూసిన ఒక రైతు కుటుంబానికి అన్యాయం చేశాను.

మాది భువనగిరి అవతల ఒక మెట్ట ఊరు. నాకు తొమ్మిదో ఏట నాన్న పోయాడు. బావి అంతకు ముందే ఎండిపోయింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి నాచారం వచ్చి, ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి కుదిరింది. రేకుల గదిలో ఉంటూ నన్ను ఐటీఐ దాకా చదివించింది. మా అమ్మ మాట కరుకు. వెనక్కి తిరిగి చూసుకునే మనిషి కాదు. ఊరి సంగతి ఏదైనా అడిగితే, "గదంత అయిపోయింది, సదువుకోపో" అనేది. నేను కూడా అడగడం మానేశాను. పాసైన ఏడాదే మల్లాపూర్ షెడ్డులో చేరాను.

ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజుల్లో మా ఓనర్ సారుకు టాంజానియా నుంచి పది మిషన్లకు ఆర్డర్ వచ్చింది. మిషన్‌తో పాటు ఒక మనిషి వచ్చి, రైతుల ముందు నడిపి చూపించాలని షరతు. సారుకు విమానమంటే భయం. ఆ మాట చెప్పకుండా, "నువ్వే పోయిరా, నీ చెయ్యి పడితెనే గది మాట వింటది" అని నన్ను ఉబ్బించాడు. ఉబ్బిపోయాను. బస్తీలో అందరికీ చెప్పుకున్నాను. అమ్మ మాత్రం, "గంత దూరం పోయి ఏం తింటవురా?" అని ఒకటే గోల. ఒక సీసా నిండా మామిడికాయ తొక్కు పెట్టి, మూత ఊడకుండా చుట్టూ ప్లాస్టిక్ కవర్ చుట్టి ఇచ్చింది.

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని నాలుగు పల్చటి చొక్కాలు పట్టుకుపోయాను. దారెస్సలాంలో దిగి, ఒక రోజంతా బస్సులో కూర్చుని కొండల మీది ఊరికి చేరేసరికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. అక్కడ జూన్ అంటే చలికాలం. నాకు తోడు వచ్చినవాడు డీలర్ దగ్గర పనిచేసే ఒక పెద్దాయన. వాళ్ల భాష నాకు రాదు, నా భాష వాళ్లకు రాదు, మధ్యలో ఈయన. నాది షెడ్డు ఇంగ్లీషు, ఆయనది బడి ఇంగ్లీషు. ఇద్దరం చేతులు తిప్పుకుంటూ ఎలాగో గట్టెక్కాం.

ఆ ఊళ్లో లాడ్జీ లేదు. మిషన్ ఎవరి వాకిట్లో దింపారో ఆ రైతు ఇంట్లోనే నాలుగు రోజులు నా మకాం. ఒక ముసలామె, నా ఈడు కొడుకు, కోడలు. ఇటుక గోడలు, రేకుల కప్పు, పక్కన విడిగా మట్టి గోడల వంటిల్లు. నన్ను చూడగానే కోడలు గోరువెచ్చని నీళ్లు తెచ్చి నా చేతుల మీద పోసింది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ నాకు వేశారు. నేను వణకడం చూసి, ముసలామె తను కప్పుకున్న దుప్పటి తీసి నా భుజాల మీద కప్పింది. ఆ దుప్పటి పొగ వాసన వేసింది. చిన్నప్పుడు మా ఊళ్లో అమ్మ కొంగు కూడా ఇలాగే ఉండేది కదా అనుకున్నాను.

భోజనానికి వచ్చింది మక్కపిండి ముద్ద, ఆకుకూర, చిక్కుడు గింజలు. ముద్ద నోట్లో పెట్టుకోగానే నవ్వొచ్చింది. అచ్చం మా గట్కే. "మా అమ్మ చేసేది కూడా ఇదే" అని పెద్దాయనతో చెప్పించాను. ముసలామె ముఖం విప్పారింది. సీసా తీసి తొక్కు వడ్డించాను. కొడుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి గానీ మళ్లీ వేయించుకున్నాడు. నేను తిని లేచేదాకా ముసలామె ముద్ద ముట్టలేదు. రెండు రోజుల్లో ఆ ఇంట్లో నేను పరాయివాణ్ణన్న సంగతి మరిచిపోయాను. మరిచిపోవడమే తప్పయిందేమో. పరాయివాడికి ఉండాల్సిన భయం కూడా నాకు లేకుండా పోయింది.

మూడో రోజు మిషన్ చూపించే రోజు. డీలర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలభై మందిని పోగేశాడు. వాకిట్లో కోసుకొచ్చిన కంకులు కుప్ప పోసి ఉన్నాయి. రెండు తీసి తాకించాను. దబ్బుమన్నాయి. ఇంకో పది రోజులు ఎండితే గాని మిషన్‌కు పనికిరావని నాకు అక్కడే తెలిసింది. ఆ మాట చెప్పి ఉంటే సరిపోయేది. నలభై మంది ముందు, అంత దూరం నుంచి విమానమెక్కి వచ్చినవాడు "పది రోజులాగండి" అంటే ఏం పరువు? డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేసి ఒక గంప కంకులు పోశాను. గింజలు నలిగి పిండయ్యాయి, డ్రమ్ము ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో ఏదో అన్నారు. అందరూ గొల్లుమన్నారు. ఏ భాషలోనైనా ఎగతాళి ఎగతాళే, దానికి పెద్దాయన తర్జుమా అక్కర్లేదు. నా చెవులు మండిపోయాయి.

డ్రమ్ము ఊడదీసి శుభ్రం చేసి, మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోయాను. తలెత్తి తాగుతుంటే కనపడ్డాయి. పొయ్యికి సరిగ్గా పైన, కప్పు వాసాలకు, పైపొరలు ముడేసి జతలు జతలుగా కట్టిన కంకులు. పొగకు నల్లబడి ఉన్నాయి. ఒక్కోటి మోచెయ్యంత. చెయ్యి చాపి ఒక జత తాకించాను. టక్కుమన్నాయి.

అంతే, నా ఆనందానికి హద్దు లేదు. ఆ జత తెంపుకుని బయటికొచ్చి, రైతుకు చూపించి, ఇవన్నీ దింపమని సైగ చేశాను. ఆయన తల్లి వైపు చూశాడు. వంటింటి గడప మీద కూర్చున్న ముసలామె నా చేతిలోని కంకుల్ని చూసింది, తరవాత నన్ను చూసింది. నేను నవ్వుతూ ఇంకోసారి టక్కుమనిపించాను. ఆమె కాసేపు అలాగే కూర్చుని లేచింది. పీట వేసుకుని తనే ఎక్కి, ఒక్కో ముడి విప్పి, నలభై జతలూ గంపలోకి దింపింది. కోడలు ఏదో అనబోతే చేత్తో వారించింది. పెద్దాయన కూడా పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

ఈసారి మిషన్ పాడింది. గింజలన్నీ ఒక పక్క జలజల రాలుతుంటే, గింజలు ఊడిన ఉత్త బెండ్లు ఇంకో పక్క ఎగిరి పడుతున్నాయి. నవ్వినవాళ్లే చప్పట్లు కొట్టారు. ముగ్గురు రైతులు అక్కడికక్కడే మాకూ కావాలన్నారు. డీలర్ నా చెయ్యి పట్టుకుని ఊపాడు. నేను గ్రీజు చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, మా సారు అన్న మాట నిజమే, నా చెయ్యి పడితేనే ఇది మాట వింటుంది అనుకున్నాను.

జనం పోయాక చూస్తే ముసలామె మిషన్ కింద గింజల కుప్ప దగ్గర కూర్చుని ఉంది. ఒక్కో గింజ తీసి, కొస వైపు గోటితో తిప్పి చూసి, కొన్నిటిని ఎడమకు, కొన్నిటిని కుడికి వేస్తోంది. నా మిషన్ పనితనం పరీక్షిస్తోందనుకున్నాను. కొన్ని గింజలు పగలడం మామూలేనని చెప్పడానికి సిద్ధపడి పక్కన గొంతుక్కూర్చున్నాను. ఆమె నేల మీద పడ్డ ఒక బెండు తీసింది. చివర ఇంత తుంచి పారేసింది, మొదలు వైపు ఇంత తుంచి పారేసింది. మిగిలిన నడిమి ముక్క నా కళ్ల ముందు పట్టుకుని, దాని మీద వేలు పెట్టి చూపించింది.

అప్పుడు గుర్తొచ్చింది. మా ఊళ్లో, మా ఇంట్లో, అమ్మ గోనెసంచి మీద కూర్చుని ఇదే పని చేసేది. విత్తనానికి పెట్టిన కంకి చివర, మొదలు తీసేసి, నడిమి గింజలే బొటనవేలితో ఒలిచి, బూడిద కలిపి కుండలో పోసేది. చివరి గింజలు చిన్నవి, మొదలు దగ్గరివి వంకరవి, విత్తనానికి పనికిరావు. మా పొయ్యి మీద కూడా ఇలాగే జతలు కట్టి ఉండేవి. పురుగు పట్టకుండా పొగ పెట్టేవాళ్లు. నేను చూశాను. ఆరేళ్ల పిల్లాడిగా ఆ పొయ్యి ముందు కూర్చుని, ఈ కళ్లతోనే చూశాను.

పెద్దాయనను పిలిచాను.

"ఇవి విత్తనం కంకులా?"

"అవును."

"మరి మీరు చెప్పలేదేం?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "మక్కల మిషన్ చేసే మనిషికి విత్తనం తెలియదని నేనెలా అనుకుంటాను? మీ దేశంలో ఇదేదో కొత్త పద్ధతి అనుకున్నాను."

"ఆమె ఎందుకు ఇచ్చింది? వద్దంటే ఊరుకునేవాణ్ణి కదా!"

ఆయన అడిగాడు. ఆమె తలెత్తకుండా, గింజలు ఏరుతూనే రెండు ముక్కలు చెప్పింది.

"ఇంటికొచ్చిన మనిషి చెయ్యి చాపి అడిగాక లేదనకూడదట. అత్తగారింట్లో అదే నేర్చుకున్నానంటోంది."

మిగతా సంగతి ఆయన విడమరిచి చెప్పాడు. కింది చేనులో కొడుకు వేసేది దుకాణంలో కొన్న విత్తనం. దూరంగా ఉన్న పై చేను మాత్రం తల్లిది. పెళ్లయి వచ్చినప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం అది. చేను నిలబడి ఉండగానే మంచి మొక్కలు ఎంచి, వాటికి గుడ్డపేలికలు కట్టి, ఆ కంకులు అన్నిటికంటే ముందు కోసి పొయ్యి మీద కడుతుంది. కొన్న విత్తనం ఒక్క ఏడాదికే, మళ్లీ వేస్తే సరిగ్గా పండదు. ఇది ఆమె పెళ్లి నాటి నుంచి పండుతూనే ఉంది. వాకిట్లో ఇంత కుప్ప ఉంది కదా, మళ్లీ ఎంచుకోరాదా అన్నాను. రెండు చేలవీ అందులో కలిసిపోయాయి, పొరలు ఒలిచాక ఏది ఏదో ఎవరికి తెలుసు అన్నాడు. కరువు ఏట కూడా తినడానికి ఆమె చెయ్యి పెట్టని కంకులవి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నా ప్రశ్నలు.

మా మిషన్ డ్రమ్ముకు ఇనుప పళ్లుంటాయి. అవి గింజను ఎక్కడ పడితే అక్కడ కొడతాయి. తినే గింజకు దెబ్బ తగిలితే వచ్చే నష్టం లేదు. మొలవాల్సిన గింజకు ప్రాణమంతా ఆ సన్నటి కొసలోనే ఉంటుంది. పైకి నిండుగా కనిపిస్తుంది, కొసన వెంట్రుకంత పగులుంటుంది, నేలలో వేస్తే కుళ్లిపోతుంది. పదిహేనేళ్లుగా ఆ డ్రమ్ములు నా చేత్తో బిగిస్తున్నాను కాబట్టి, అక్కడున్న అందరికంటే ఆ సంగతి నాకే బాగా తెలుసు.

ఆమె పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. ఆమె నా వేలు పట్టుకుని నేర్పింది. బల్లపరుపుగా ఉన్నవి నడిమివి, గుండ్రంగా ఉన్నవి చివరవి. పగులుందేమో గోటితో తడమాలి. నేను మంచివని వేసినవాటిలో సగం ఆమె తీసి అవతల పారేసింది. కోపం కూడా వచ్చింది నాకు, ఎవరి మీదో తెలియని కోపం. నాలుగు తిట్లు తిట్టినా నా మనసు తేలికపడేది. ఆమె తిట్టలేదు. కొడుకు రెండు సార్లు వచ్చి తగ్గు గొంతుతో ఏదో అని పోయాడు. పోయింది పోయింది, పై చేనులో కూడా కొన్న విత్తనమే వేద్దాం అంటున్నాడని పెద్దాయన చెప్పాడు. ఆమె ఒప్పుకోవడం లేదట. విత్తనం కొనుక్కోవడానికి నా జేబులో ఉన్నది తీసివ్వబోతే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇది కొంటే దొరికేది కాదు. వాళ్లను ఇంకా చిన్నబుచ్చకండి" అన్నాడు.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దంతా ఏరాం. గంపెడు గింజల్లో మంచివి ఒక చిన్న కుండ కూడా నిండలేదు.

నేను బయల్దేరే రోజు, ఏరగా మిగిలినవి కోడలు పిండి పట్టించుకొచ్చింది. దాంతోనే ముద్ద వండారు. దంచినా, విసిరినా, వండినా, ఏదో ఒకటి చెయ్యాలి కదా, పారేస్తారా? ముసలామె నాకే ముందు వడ్డించింది. ఎంత కరువొచ్చినా విత్తనం తినొద్దు అనేవాళ్లు మా ఊళ్లో. నేను కూర్చుని తిన్నాను. ముద్ద గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది గానీ, దిగింది. ఆకలి మీద ఉన్నాను, రుచిగా కూడా ఉంది. ఆమె ఇంకొంచెం వేస్తే అదీ తిన్నాను. ఈ రోజుకీ నాకు సిగ్గనిపించేది మిషన్ నడిపినందుకు కాదు, ఆ రెండో ముద్దకు. వచ్చేటప్పుడు రెండు చేతులూ జోడించాను. ఆమె నా చేతులు విడదీసి, దుప్పటి నన్నే ఉంచుకోమని మడిచి ఇచ్చింది.

మల్లాపూర్ వచ్చాక షెడ్డులో మిఠాయిలు పంచారు. కొత్త ఆర్డర్ వచ్చింది మరి. మిషన్ మీద బిగించే ప్లేటు పైన 'విత్తనం కంకులు వేయరాదు' అని వాళ్ల భాషలో కొట్టిద్దామని సారును అడిగాను.

సారు నవ్వాడు. "విత్తనం తెచ్చి మిషన్ల ఎవడన్న ఏస్తడా? గింత తెల్వనోడు యాడుంటడయ్యా?"

"ఉంటడు సార్" అన్నాను. జరిగింది అమ్మతో కూడా చెప్పలేదు. ఏం పెట్టిన్రు, ఎట్ల సూసుకున్నరు అని అడిగితే మంచిగ సూసుకున్నరు అన్నాను. అందులో అబద్ధం లేదు.

మరుసటి ఏడు బేరింగుల కోసం పెద్దాయన షెడ్డుకు ఫోన్ చేశాడు. ముందుగా ఆమె సంగతే అడిగాను. వానలు పడ్డాక ఆ కుండలోని గింజలే పై చేనులో వేసిందట. చేనులో ఒక మూలకు కూడా సరిపోలేదు. వేసినవాటిలో సగం మొలవలేదు. మిగతా చేనంతా బీడు పెట్టలేక కొడుకు కొన్న విత్తనం వేశాడు. మక్క పక్కన మక్క ఉంటే గాలికి పుప్పొడి కలుస్తుంది. కోతలప్పుడు కంకులు చూసి, ఇవి నావి కావు అందట. ఈసారి పొయ్యి మీద ఏమీ కట్టలేదట. "మీ మిషన్ మాత్రం బాగా పనిచేస్తోంది" అని ఆయన మెచ్చుకుంటూ చెప్పాడు.

ఆ రోజు కరెంటు లేదని షెడ్డు మధ్యాహ్నమే మూశారు. ఇంటికొచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. ఇక దాచుకోలేక పక్కన కూర్చుని, ఎగతాళి దగ్గర నుంచి రెండో ముద్ద దాకా, ఫోన్ సంగతితో సహా అంతా చెప్పేశాను.

"తిట్టిందా?" అంది అమ్మ.

"లే."

"ఏడ్సిందా?"

"నా ముంగట ఏడ్వలే."

"కాళ్లు మొక్కినవా?"

"లే అమ్మా. దండం పెట్టిన, గంతే."

వీధిలో నీళ్ల ట్యాంకర్ వస్తే బిందెలతో ఉరికే అమ్మ, ఆ రోజు ట్యాంకర్ వచ్చి పోయినా లేవలేదు.

"తిట్టే అమ్మా. నేను సూసిన గదా, నువ్వు చేస్తుంటే సూసిన. తెల్సి గూడ చేసిన."

"నీకేం తెల్సురా" అంది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే కరుకు లేదు. "నువ్వు సూసినవు, నేను నేర్పలే. మా అత్త నాకు కొట్టి నేర్పింది. ఊరిడిసేటప్పుడు మన విత్తనం కుండ పక్కింటామె చేతుల పెట్టి బస్సెక్కిన. సిటీల బతికేటోనికి గిదెందుకు, నా బిడ్డకు అక్కరపడదు అనుకున్న."

నన్ను చూడకుండానే అంది.

"మనింట్ల నాతోని ఆగింది. ఆమె ఇంట్ల నీతోని ఆగింది బిడ్డా."